జాన్ హెన్రీ పాయింటింగ్ పండితుని జీవితము

విద్యార్థులారా, సేనలను నడపిన వీరులను గూర్చియు, సముద్రములను దాటి క్రొత్త దేశములను కనుగొన్న నావికులను గూర్చియు మీరు పాఠ్యపుస్తకములలో చదివియేయున్నారు. ఈ సంచికలో మేము వ్రాయబూనిన చరిత్రము అట్టివానిది కాదు. ఇది ఒక ఉపాధ్యాయుని చరిత్రము. ఆయన యుద్ధము చేయలేదు, క్రొత్త దేశములను కనుగొనలేదు. ఒకే పట్టణములో ముప్పదినాలుగేండ్లు పాఠములు చెప్పి, అచ్చటనే కన్నుమూసెను. ఐనను భూగోళమును తూచినవారిలో ఆయన యొకడు. వెలుగునకు వస్తువును త్రిప్పు గుణము కలదని లెక్కగట్టి చెప్పినవాడును ఆయనయే. ఆయన పేరు జాన్ హెన్రీ పాయింటింగ్.

ఈయన చరిత్రమునే ఎన్నుకొనుటకు కారణము కలదు. ప్రయోగశాలలో మన బాలురు తమకు వచ్చిన అంకెను వ్రాయుటకు మాఱుగా, పుస్తకములోని అంకెను వ్రాయుట మేము అప్పుడప్పుడు చూచుచున్నాము. వారిని దండించుటకు ముందు ఒక మాట ఒప్పుకొనవలసియున్నది. మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుకొను దినములలో, లోలకమును ఊపి గురుత్వ త్వరణమును కనుగొనుమని మాకు ఆజ్ఞ అయ్యెను. మాకు వచ్చిన విలువ 9.4. పుస్తకములోనిది 9.8. మేమును మా జతగాడును ఒకరి మొగము నొకరు చూచుకొని, ఊపులకు పట్టిన కాలమును కొద్దిగా దిద్ది 9.8 అని వ్రాసితిమి. మాకు మంచి మార్కులే వచ్చినవి. లోలకపు దారమును కొలుచుటలో మేము చేసిన తప్పేమో మాత్రము ఎన్నడును తెలిసికొనలేకపోతిమి. ఏలయనగా, తప్పును కప్పిపుచ్చిన దినముననే దానిని వెదకు మార్గమును మూసివేసికొంటిమి. పాయింటింగ్ పండితుని చరిత్రము చదివినపుడెల్ల మాకు ఆ 9.4 జ్ఞప్తికి వచ్చును.

ఆయన ఇంగ్లాండు దేశములో మాంచెస్టరు నగరమునకు సమీపముననున్న మాంటన్ అను చోట, 1852వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీని జన్మించెను. తండ్రి థామస్ ఎల్ఫర్డ్ పాయింటింగ్ గారు యూనిటేరియను సంఘమునకు బోధకులు. చర్చిని అంటియున్న బోధకుని గృహమే ఆ బిడ్డ పుట్టినిల్లు. కుమారులలో ఇతడే కడపటివాడు. తండ్రిగారు ఒక పాఠశాలను గూడ నడపుచుండుటచే బాలుడు మొదటి చదువును ఆయన యొద్దనే నేర్చుకొనెను. బోధకుల యిండ్లలో పెరిగిన పిల్లలు మనలోను పలువురు కలరు. తండ్రియే గురువైనచో ఇంటను బడిని రెండు చోట్లను ఒకే కన్ను మనలను చూచుచుండునని వారికి చెప్పనక్కఱలేదు.

1867లో పాయింటింగ్ మాంచెస్టరులోని ఓవెన్సు కళాశాలలో చేరి అయిదేండ్లు చదివెను. పిమ్మట కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలకు పోయి, 1876లో గణితశాస్త్ర పరీక్షలో మూడవవాడుగా ఉత్తీర్ణుడయ్యెను. తిరిగి మాంచెస్టరు వచ్చి బాల్ఫర్ స్టీవర్టు ఆచార్యుని ప్రయోగశాలలో పనిచేయునపుడు, జె. జె. థామ్సన్ అను యువకునితో స్నేహము కలిగెను. ఈ థామ్సనే 1897లో ఎలక్ట్రానును గుర్తించి లోకప్రసిద్ధుడయ్యెను. ఆ స్నేహము జీవితాంతము నిలిచినది. వారిరువురును కలిసి వ్రాసిన భౌతికశాస్త్ర గ్రంథములను అనేక సంవత్సరములు విద్యార్థులు చదువుకొనిరి. 1878లో పాయింటింగ్ ట్రినిటీ కళాశాలకు ఫెలోగా ఎన్నికై, కేవెండిషు ప్రయోగశాలలో మాక్స్‌వెల్ పండితుని క్రింద పనిచేసెను. వెలుగు విద్యుదయస్కాంత తరంగమేయని సిద్ధాంతీకరించిన మాక్స్‌వెల్ 1879లో మరణించెను. గురుసాన్నిధ్యము కొంచెము కాలమే దొరకినను, ఆ సిద్ధాంతమే శిష్యునికి జీవితాంతము పనికివచ్చెను.

1880లో బర్మింగ్‌హాము నగరమున మేసన్ శాస్త్ర కళాశాల తెరువబడెను. పాయింటింగ్ అచ్చట భౌతికశాస్త్రమునకు మొదటి ఆచార్యుడయ్యెను. ఆ సంవత్సరముననే మరియా ఆడ్నీ క్రాపర్ అను ఆమెను పెండ్లాడెను. ఆమెయు ఒక బోధకుని కుమార్తెయే. వారికి ఒక కుమారుడును ఇద్దరు కుమార్తెలును కలిగిరి. ఆ కళాశాలయే పెరిగి 1900లో బర్మింగ్‌హాము విశ్వవిద్యాలయమయ్యెను. పాయింటింగ్ మరణపర్యంతము ఆ పీఠమును విడువలేదు.

ఇక ఆయన భూమిని తూచిన విధమును వినుడు. మనము అంగడికి పోయి పప్పు కొనునపుడు వర్తకుడు త్రాసును ఎత్తును. భూమిని ఏ త్రాసులో ఉంచగలము? 1798లో కేవెండిషు పండితుడు సన్నని తీగకు కడ్డీని వ్రేలాడదీసి, సీసపు గోళముల ఆకర్షణను కొలిచి, భూమి సాంద్రతను కనుగొనెను. పాయింటింగ్ సామాన్యపు త్రాసుతోనే ఆ పని చేయదలచెను. బంగారు కడ్డీలను తూచు జాతి పెద్ద త్రాసును తెచ్చి, దాని రెండు వైపులను ఒక్కొక్కటి సుమారు 21 కిలోగ్రాముల గోళమును వ్రేలాడదీసెను. వాని క్రింద త్రిప్పుబల్లపై సుమారు 153 కిలోగ్రాముల పెద్ద గోళమును ఉంచెను. పెద్ద గోళము ఏ గోళము క్రిందికి వచ్చునో, ఆ గోళము దాని ఆకర్షణచే కొంచెము బరువెక్కును. బల్లను త్రిప్పి రెండవ ప్రక్కకు తెచ్చినచో రెండవది బరువెక్కును. ఈ భేదము ఒక మిల్లిగ్రాము కంటెను తక్కువ. ఇరువదియొక్క కిలోలలో ఒక మిల్లిగ్రామైనను లేని మార్పును పట్టవలెను! మనిషి దగ్గఱ నిలిచినచో అతని దేహపు వేడికి గాలి కదలి త్రాసు చలించును. కావున త్రాసుకొయ్య వంపును అద్దమున ప్రతిఫలింపజేసి, దూరమునుండి దూరదర్శినిలో చూడవలసివచ్చెను.

పని మొదలుపెట్టిన తరువాత ఒక విచిత్రము కనబడెను. పెద్ద గోళము ఒక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు పోవునపుడు దాని బరువునకు నేలయే ఒరిగి, నేలతోపాటు త్రాసును ఒరుగుచుండెను. ఆకర్షణచే వచ్చిన వంపు ఏది? నేల ఒరుగుటచే వచ్చిన వంపు ఏది? రెండును కలిసిపోయినవి. ఆయన ఏమి చేసెను? అంకెలను దిద్దలేదు. పెద్ద గోళమునకు ఎదురుప్రక్కను, దానిలో సగము బరువుగల మఱియొక గోళమును, రెట్టింపు దూరమున త్రిప్పుబల్లకు అమర్చెను. సగము బరువు, రెట్టింపు దూరము. కావున రెండు ప్రక్కల ఒత్తిడి సరిపోయి నేల ఒరుగుట మానెను. ఆ చిన్న గోళము ఆకర్షణను లెక్కగట్టి తీసివేసెను. అంతటితో తృప్తినొందక, గోళముల లోపల ఎక్కడనైన బోలు ఉన్నదేమోనని సందేహించి, వానిని తలక్రిందులుచేసి, ప్రక్కలు మార్చి, ప్రయోగమునంతయు మఱల చేసెను.

1878లో మొదటి వ్యాసమును ప్రకటించిన ఈ పని 1891లో గాని ముగియలేదు. అనగా పదుమూడేండ్లు. తుదకు ఆయన భూమి సగటు సాంద్రత నీటికి 5.4934 రెట్లని ప్రకటించెను. నేటి శాస్త్రజ్ఞులు ఒప్పుకొను విలువ 5.51. భూమి బరువు కిలోగ్రాములలో చెప్పవలెనన్నచో ఇంచుమించుగ 6 అంకె ప్రక్కను 24 సున్నలు చేర్చి వ్రాయవలెను. ఈ పనికి 1893లో కేంబ్రిడ్జివారి ఆడమ్సు బహుమానము లభించెను. చిన్నవారలారా, ఆయన అంకెకును నేటి అంకెకును గల భేదము నూటికి ఒక పాలైనను లేదు. ఆ సామీప్యము దిద్దుటవలన వచ్చినది కాదు. పదుమూడేండ్లు తన తప్పులను తానే వెదకికొనుటవలన వచ్చినది.

ఈ పని నడుచుచుండగనే 1884లో ఆయన వేఱొక గొప్ప విషయమును తెలిపెను. దీపమునకు విద్యుచ్ఛక్తి ఏ త్రోవను వచ్చుచున్నది? తీగలోపలినుండి, కాలువలో నీరువలె వచ్చుచున్నదని అందఱును తలచెదరు. మాక్స్‌వెల్ సూత్రములను బట్టి చూచినచో, శక్తి తీగ చుట్టునున్న ప్రదేశముగుండ ప్రయాణము చేయునని పాయింటింగ్ చూపెను. వెలుగులో శక్తి ఏ దిక్కునకు ఎంత ప్రవహించుచున్నదో చెప్పు ఆ సూత్రమునకు నేటికిని ఆయన పేరే నిలిచియున్నది. కళాశాలకు పోయి భౌతికశాస్త్రము చదువు మన విద్యార్థులు ‘పాయింటింగ్ సదిశ’ అను మాటను తప్పక విందురు.

శక్తి ప్రవహించునట్టి వెలుగు, తాను తగిలిన వస్తువును త్రోయవలెను గదా? త్రోయునని మాక్స్‌వెల్ ముందే చెప్పియుండెను. 1900 మొదలు కొన్ని సంవత్సరములలో రష్యాలో లెబెదెవ్ పండితుడును, అమెరికాలో నికల్సు, హల్ అను పండితులును ఆ త్రోపును కొలిచిరి. అంతట పాయింటింగ్ గై బార్లో అను సహాయకునితో కూడి ఈ త్రోవనే నడచెను. వెలుగు ఏటవాలుగా పడినచో వస్తువును ప్రక్కకు నెట్టుననియు, వెలుగును వెదజల్లు వస్తువు తుపాకివలె వెనుకకు తగ్గుననియు వారు ప్రయోగములచే చూపిరి. సూర్యుని చుట్టు తిరుగు సన్నని ధూళికణములు వెలుగు కారణముననే నెమ్మదిగా వేగము తగ్గి సూర్యునిలో పడునని 1903లో పాయింటింగ్ లెక్కగట్టెను. ఆ లెక్కను 1937లో రాబర్ట్‌సన్ పండితుడు సాపేక్షతా సిద్ధాంతము ననుసరించి సరిదిద్దెను. నేడు ఆ విషయము ఇరువురి పేరిటను పిలువబడుచున్నది.

ఇప్పుడు మేము ముఖ్యముగా చెప్పదలచిన 1909వ సంవత్సరమునకు వచ్చితిమి.

గోడకు కొట్టిన మేకునకు పొడవైన త్రాటిని కట్టి, రెండవ కొనను చేతబట్టి పైకిని క్రిందికిని ఆడింపుడు. త్రాటి వెంబడి అలలు పోవును. ఆ అలలు పైకి క్రిందికి మాత్రమే కదలును. చేతిని ప్రక్కలకు ఆడింపక గుండ్రముగ త్రిప్పుడు. అప్పుడు త్రాడు మరమేకు చుట్లవలె తిరుగుచు ముందునకు అల పోవును. వెలుగు తరంగములోను ఈ రెండు విధములును కలవు. మొదటిది ఒకే తలములో కంపించు వెలుగు. రెండవది తిరుగుచు పోవు వెలుగు. దీనిని వృత్తీయ ధ్రువిత కాంతి యందురు. ఇది కుడికి తిరుగవచ్చును, ఎడమకు తిరుగవచ్చును.

పాయింటింగ్ ఇట్లు ఆలోచించెను. బియ్యపు మిల్లులో ఒక కొనను ఇంజను ఇనుప షాఫ్టును త్రిప్పును. రెండవ కొనను యంత్రము ఆడును. షాఫ్టు ఉన్నచోటనే ఉండి తిరుగుచున్నది గాని, ఇంజను శక్తి దానిగుండ ప్రయాణము చేయుచున్నది. శక్తితోపాటు త్రిప్పుబలమును ప్రయాణము చేయుచున్నది. తిరుగుచు పోవు వెలుగు గూడ ఇట్టిదేయైనచో, తాను తగిలిన వస్తువును త్రోయుట మాత్రమే గాక, దానిని త్రిప్పవలెను. త్రిప్పు ఈ గుణమును శాస్త్రజ్ఞులు కోణీయ ద్రవ్యవేగమందురు. బొంగరము తిరుగుచు నిలుచుట దీనివలననే.

ఆ త్రిప్పుబలము ఎంత? వెలుగు త్రోపును దాని తరంగదైర్ఘ్యముతో గుణించి, వృత్తపు చుట్టుకొలత లెక్కలో వచ్చు 6.28 చేత భాగింపవలెనని ఆయన తేల్చెను. అనగా, వెలుగు త్రోపు ఒక మీటకొయ్య కొనను ఆనినట్లు. ఆ మీటకొయ్య పొడవు మిల్లీమీటరులో పదివేలవ వంతు! వెలుగు త్రోపే మిక్కిలి స్వల్పము. దానిని అంత పొట్టి కొయ్యతో త్రిప్పుట! అట్టి వెలుగు గుణమును మార్చు పలకలను సన్నని పోగునకు వ్రేలాడదీసినచో, అవి తిరుగవలెనని ఉపాయమును గూడ ఆయన సూచించెను. కాని ఆ తిరుగుడును కొలుచుట తన అనుభవమును బట్టి చూడగా ఆశింపదగినది కాదని వినయముతో, దాపఱికము లేక వ్రాసెను.

ఇచ్చట కొంచెము ఆగి ఆలోచింపుడు. వెలుగు త్రోపును కొలిచిన చేతులు గల పండితుడు ఆయన. తన సిద్ధాంతము రూఢి కావలెనని ఆయనకు మాత్రము కోరిక లేదా? ఏదో అల్పమైన కదలికను చూపి, ఇదియే అది యని ప్రకటించినచో కాదనువారు ఎవరు? ఆయన అట్లు చేయలేదు. లెక్క ఇట్లున్నది, ఉపాయము ఇట్లున్నది, నాకు ఆశ తక్కువ. ఈ మూడును తెలిపి ఊరకుండెను. తెలిసినదానిని తెలిసినట్లును, చేయలేనిదానిని చేయలేనట్లును చెప్పుట, పిల్లలారా, అంత సులభమైన పని కాదు.

అయిదేండ్లకే, 1914వ సంవత్సరము మార్చి 30వ తేదీని, బర్మింగ్‌హాములో మధుమేహ వ్యాధిచే ఆయన మరణించెను. అప్పటికి ఆయన వయస్సు అఱువదియొక్క సంవత్సరము. ఆ వ్యాధికి మందైన ఇన్సులిను 1921లో గాని కనుగొనబడలేదు. ఆయన వ్రాసిన తిరుగుడును అప్పటికి ఎవరును చూడలేదు.

విత్తినవాడు పోయెను గాని విత్తనము పోలేదు. వెలుగు శక్తి చిన్న చిన్న కణములుగా ఉండునని ఐన్‌స్టైన్ 1905లో చెప్పియుండెను. ఈ కాంతికణమునకు తరువాత ఫోటాన్ అను పేరు వచ్చెను. పాయింటింగ్ సూత్రమును ఈ కణములకు అన్వయించి చూచినచో ఒక అందమైన ఫలితము వచ్చును. తిరుగుచు పోవు వెలుగులో ఎఱ్ఱని ఫోటాన్‌కైనను, ఊదా రంగు ఫోటాన్‌కైనను, కోణీయ ద్రవ్యవేగము సరిగా ఒక్కటే. ప్రకృతి అందఱకును ఒకే కొలతను పంచియిచ్చినది. ఈ గుణమును ఫోటాన్ స్పిన్ అందురు.

దీనిని గూర్చి మొదట ప్రయోగపూర్వకముగ చెప్పినవారిలో మన దేశస్థులు ఉండుట మనకు సంతోషకరము. 1931లో కలకత్తానగరమున సర్ సి. వి. రామన్ గారును, శ్రీ సూరి భగవంతం గారును వాయువులు చెదరగొట్టు వెలుగు ధ్రువణమును కొలిచి, ఫోటాన్‌కు స్పిన్ కలదనుటకు అది నిదర్శనమని ప్రకటించిరి. భగవంతం గారు అప్పటి కృష్ణా మండలములోని ఆగిరిపల్లి గ్రామమున జన్మించిన తెలుగువారు. వారు పుట్టిన సంవత్సరము 1909. బర్మింగ్‌హాములో పాయింటింగ్ తన వ్యాసమును వ్రాసిన సంవత్సరమే అది! ఆ వ్యాసములోని విషయమునకే, ఇరువది రెండేండ్లకు, ఆగిరిపల్లి బిడ్డ చేయి అందించెను. వారు పిమ్మట ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యులై, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులై, 1989లో పరమపదించిరి.

పాయింటింగ్ ఆశ వదలుకొన్న తిరుగుడును కన్నులార చూచినవాడు అమెరికాలోని ప్రిన్స్‌టన్ నగరమున పనిచేసిన రిచర్డ్ బెత్. ఆయన స్ఫటికపు పలకను అతి సన్నని స్ఫటికపు పోగునకు, గాలి తీసివేసిన పాత్రలో వ్రేలాడదీసెను. ఆ పలక కుడికి తిరుగు వెలుగును ఎడమకు తిరుగునట్లు మార్చును. కావున త్రిప్పుబలము రెట్టింపగును. పలకను దాటిన వెలుగును మరల్చి రెండవమారు పలకగుండ పంపుటచే అది మఱల రెట్టింపయ్యెను. పలక తిరిగినది. తిరిగిన మొత్తము పాయింటింగ్ లెక్కకు సరిపోయినది. ఆ సంవత్సరము 1936. లెక్క వ్రాసి ఇరువదియేడేండ్లు, లెక్క వ్రాసినవాడు గతించి ఇరువదిరెండేండ్లు.

కథ అంతటితో ముగియలేదు. భూమికి రెండు తిరుగుడులు కలవని మీకు తెలియును. ఒకటి తన యిరుసుపై తాను తిరుగుట. రెండవది సూర్యుని చుట్టు తిరుగుట. ఫోటాన్ స్పిన్ మొదటిదానిని పోలినది. రెండవదానిని పోలినది వెలుగు కిరణపుంజమునకు ఉండునా? ఉండునని 1992లో హాలెండులోని లైడెన్ నగరమున లెస్ ఆలెన్ పండితుడును ఆయన సహచరులును చూపిరి. పుంజములోని తరంగము మేడమెట్లు గుండ్రముగ ఎక్కినట్లు, ఇరుసు చుట్టు మెలికలు తిరుగుచు పోయినచో, దానికి కక్ష్యా కోణీయ ద్రవ్యవేగము కలుగును. స్పిన్ కుడికి ఒకటి, ఎడమకు ఒకటి మాత్రమే. ఈ మెలికలో ఒకటి, రెండు, మూడు అని ఎన్ని చుట్లనైనను పెంచుకొనవచ్చును. అట్టి పుంజమునకు నడుమ చీకటి చుక్క ఉండి, చుట్టును గారెవలె వెలుగు ఉండును. 1995లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు విశ్వవిద్యాలయమువారు ఈ వెలుగుతో, సూక్ష్మదర్శినిలో గాని కనబడని నలుసులను బొంగరములవలె త్రిప్పిరి.

ఒక తిరుగుడును మఱియొక తిరుగుడుగా మార్చు పనియు సాధ్యమయ్యెను. 2006లో ఇటలీలోని నేపుల్సు నగరమున మర్రూచీ పండితుడును ఆయన సహచరులును ద్రవస్ఫటికములతో ఒక పలకను చేసిరి. దానిలోని అణువుల దిక్కు ఒక్కొక్కచోట ఒక్కొక్కవిధముగ అమర్చబడియుండును. ఫోటాన్ పలకను దాటునపుడు దాని స్పిన్ కక్ష్యా గుణముగ మాఱును. అనగా వెలుగు పుంజమునకు మనకు కావలసిన ఆకారమును ఇయ్యవచ్చును. కుమ్మరి సారెపై మట్టికి రూపమిచ్చినట్లు, నేటి శాస్త్రజ్ఞుడు తిరుగుడుచేతనే వెలుగునకు రూపమిచ్చుచున్నాడు.

ఎలక్ట్రానుల సంగతియు వినుడు. పాయింటింగ్ స్నేహితుడైన థామ్సన్ గుర్తించిన ఆ కణమునకును స్పిన్ కలదని 1925లో ఉలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ అను యువకులు తెలిపిరి. ఎలక్ట్రాను గూడ తరంగమువలె ప్రవర్తించును గదా, దానికిని మెలిక కలిగింపవచ్చునని 2007లో బ్లియోఖ్ పండితుడును ఆయన తోడివారును లెక్కగట్టిరి. 2010లో జపానులో ఉచిడా, తోనొమురా పండితులు మెట్లుమెట్లుగా నున్న గ్రాఫైటు పొరలగుండ ఎలక్ట్రానులను పంపి ఆ మెలికను సాధించిరి. ఆ సంవత్సరముననే బెల్జియములోని ఆంట్వెర్ప్ నగరమున వెర్బీక్ పండితుడును సహచరులును వేఱొక ఉపాయము కనుగొనిరి. వారు సన్నని రేకులో గీతలు కోసిరి. ఆ గీతలలో ఒకటి నడుమ చీలి, చిన్న పంగలకఱ్ఱవలె నుండును. ఎలక్ట్రాను పుంజము దాని గుండ పోయి మెలికలు తిరిగినది. ఆ పుంజముతో ఇనుపపొరలోని అయస్కాంత స్వభావమును వారు పరీక్షించిరి. ఎలక్ట్రానుకు విద్యుదావేశము కలదు గనుక, మెలికతో తిరుగునపుడు అది చిన్న అయస్కాంతము వంటిదగును. ఫోటాన్‌కు ఆ గుణము లేదు. 2012లో ఎలక్ట్రాను స్పిన్‌ను గూడ, తగినట్లు అమర్చిన విద్యుదయస్కాంత క్షేత్రములచే, కక్ష్యా గుణముగ మార్చవచ్చునను సూచన వెలువడెను.

మిల్లు షాఫ్టు పోలికనుండి ఇంతవఱకు వచ్చితిమి. పాయింటింగ్ 1909లో వీనిలో దేనిని ఊహించియుండెనని మేము చెప్పజాలము. ఎలక్ట్రాను తరంగమనియు, ఫోటాన్ స్పిన్ అనియు ఆయన ఎఱుగడు. తానెఱిగిన కొంచెమును ఆయన సరిగా ఎఱిగెను, సరిగా వ్రాసెను. అందుచేతనే తరువాతి వారికి ఆ మెట్టు కదలలేదు. ఆయన లెక్క తప్పైయున్నచో, లేక పొగడ్తకై ఒక దొంగ కొలతను చేర్చియున్నచో, బెత్ పలక తిరిగిననాడు ఆ తప్పు బయటపడియుండెడిది. ఇరువదియేడేండ్లకు ఆ లెక్క నిజమని తేలినది.

తల్లిదండ్రులారా, మీ బిడ్డలు తెచ్చిన మార్కుల పట్టికను మీరు ఆతురతతో చూచెదరు. అది తప్పు కాదు. ఐనను, పాయింటింగ్ వంటి వాని పనికి మార్కులు ఆయన బ్రదికియున్నపుడు పూర్తిగ రాలేదు. కొన్నిటికి పదుమూడేండ్లు పట్టెను, మఱికొన్నిటికి ఆయన ఆయుస్సు చాలలేదు. కావున బిడ్డ ప్రయోగ పుస్తకములో తప్పైన అంకె కనబడినచో, ముందుగా కోపగింపక, ఆ అంకె నిజముగ వానికి వచ్చినదేనా యని అడుగుడు. నిజముగ వచ్చినదైనచో, తప్పు ఎచ్చట నున్నదో వెదకుటకు వానికి తోడ్పడుడు. అది నేల ఒరుగుటవలన వచ్చిన తప్పైనను కావచ్చును.

విద్యార్థులారా, మీకు మేము చెప్పునది ఒక్కటే. ఈ సంవత్సరము మన ప్రయోగశాలలో మీరు లోలకమును ఊపుదురు. మీకు 9.8 వచ్చినచో సంతోషము. 9.4 వచ్చినచో, 9.4 అనియే వ్రాయుడు. దాని క్రింద, ఎందుచేత అట్లు వచ్చియుండునో మీకు తోచినది వ్రాయుడు. మేము దానిని ఎఱ్ఱ సిరాతో కొట్టివేయము. మీతోకూడ కూర్చుండి దారమును మఱల కొలిచెదము. మేము మా చిన్ననాట మానుకొన్న ఆ పనిని మీతో కలిసియైనను చేయగలిగినచో, మాకు అదియే గొప్ప తృప్తి.